పైకి లేచే క్యాబిన్

నా మెడ సంగతి ముందే చెప్పేస్తాను. తర్వాత నేను చేసిన వెధవ పనికి అందరి దగ్గరా దాన్నే సాకుగా చూపించుకున్నాను కాబట్టి.

ఇరవై ఆరేళ్ళు పాత ఇనుము యార్డులో క్రేన్ నడిపాను. క్రేన్ అంటే మేడలు కట్టేచోట కనబడే పొడుగాటిది కాదు. చక్రాల మీద నిలబడే బండి, దానికో పెద్ద చెయ్యి, ఆ చేతి చివర వేలాడుతూ ఐదు ఉక్కు వేళ్ళ పంజా. తుక్కు గుట్టలోకి పంజా దించడం, దొరికింది పట్టుకుని లేపడం, పక్కన నిలబడ్డ లారీలో వెయ్యడం. రోజుకి ఇరవై లారీలు. మా పాత బండిలో క్యాబిన్ ఎక్కడ బిగించారో అక్కడే చచ్చినట్టు ఉండేది, అదీ లారీ పక్క రేకుల కంటే జానెడు కిందకి. లారీ లోపల ఏముందో నా సీట్లోంచి కనబడదు. గుట్ట పైకి చూడాలంటే తలెత్తాలి, లారీ అంచు చూడాలంటే మెడ సాచాలి. రోజుకి పది గంటలు అదే భాగోతం. నలభై ఎనిమిదో ఏడు వచ్చేసరికి మెడ ఎముకలు అరిగిపోయాయి. పొద్దున లేస్తే కుడి చెయ్యి మొద్దుబారిపోయి, అది నాదో పక్కింటివాడిదో తెలిసేది కాదు. ఇంకో రెండేళ్ళు ఇలాగే కూర్చుంటే రెండు చేతులూ పనికిరాకుండా పోతాయని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

లారీ లోపల కనబడదు కాబట్టి కింద ఒక మనిషి ఉండాలి. లారీ పక్కన ఇనప మెట్ల బల్ల మీద నిలబడి, లోపలికి చూస్తూ, చేత్తో నాకు చెప్పాలి. ఆ మనిషి నా బావమరిది. నా భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు, మా ఇంటి పక్క వాటాలోనే ఉంటాడు. పదిహేడేళ్ళుగా నా బండికి కింద మనిషి వాడే. యార్డులో అందరూ వాణ్ణి కొలబద్ద అనేవాళ్ళు. పంజాకీ దాని కింద ఉన్నదానికీ మధ్య ఎంత జాగా ఉందో వాడి కుడి చెయ్యి చూస్తే తెలిసిపోయేది. భుజం దగ్గర పెడితే భుజమెత్తు ఉందని, నడుం దగ్గర పెడితే నడుమెత్తని, మోకాలి దగ్గరకి తెస్తే ఇక మెల్లగా దించమని. పిడికిలి బిగించి పైకెత్తితే ఆగిపొమ్మని. ఆ పిడికిలి ఎవరెత్తినా, యార్డు ఊడ్చే ఆవిడ ఎత్తినా సరే, ఆపరేటర్ ఆగి తీరాలి. పనిలో చేరిన మొదటి రోజు ఎవరికైనా నేర్పేది అదే.

రెండో సంగతి నా ఎడమ కన్ను. ఇది ముగ్గురికే తెలుసు: నాకూ, నా భార్యకీ, వాడికీ. రెండేళ్ళ కిందట ఓ పొద్దున మొహం కడుక్కుంటుంటే ఆ కంటికి మసక కమ్మింది. సబ్బు నురగేమో అనుకుని కడిగాను, కడిగాను, పోదే. కంటి వెనక నరంలో రక్తం గడ్డకట్టిందనీ, పోయిన చూపు రాదనీ కళ్ళ డాక్టరు తేల్చేశాడు. ఒంటి కంటితో అన్నీ కనబడతాయి. మనుషుల మొహాలు, పేపర్లో అక్షరాలు, దేనికీ లోటు లేదు. ఏది దగ్గరో ఏది దూరమో మాత్రం తెలియదు. గ్లాసులో నీళ్ళు పొయ్యబోయి బల్ల మీద పోస్తాను. లేని మెట్టు మీద కాలేస్తాను. క్రేన్ ఆపరేటర్‌కి ఇలా ఉందని ఆఫీసుకి తెలిస్తే మర్నాడు సీటు ఉండదు.

బావమరిది తనంతట తనే కనిపెట్టాడు. ఒకే పూట రెండుసార్లు పంజాని లారీ అంచుకి కొట్టాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, నా మొహం ముందు చూపుడువేలు పెట్టి, పట్టుకో బావా అన్నాడు. పట్టుకోబోయాను. గాలి చేతిలోకొచ్చింది. వాడి మొహం పాలిపోయింది. మర్నాటి నుంచి వాడి చెయ్యి ఇంకా జాగ్రత్తగా పనిచెయ్యడం మొదలుపెట్టింది. అంతకుముందు నాలుగు గుర్తులతో సరిపెట్టేవాడు, ఇప్పుడు బెత్తెడు బెత్తెడుకీ చెప్పేవాడు. ఏడాదికోసారి జరిగే కంటి పరీక్షలో గోడ మీద ఉండే అక్షరాలు కూడా వాడే ముందుగా రాసుకొచ్చి నాకు బట్టీ పట్టించాడు. రెండేళ్ళలో నా పంజా ఒక్క లారీకి గీత పెట్టలేదు. ఆ పేరంతా నాకే వచ్చింది, నేనూ సిగ్గు లేకుండా పుచ్చుకున్నాను.

అలా నడుస్తుండగా కొత్త బండి వస్తోందని యార్డంతా ఒకటే ఊదర. దాని క్యాబిన్ ఒకచోట ఉండదట. మీట నొక్కితే పైకి లేస్తుందట, లారీ మీదకి జరుగుతుందట, పైకి చూడాల్సి వస్తే మనిషితో సహా వెనక్కి వాలుతుందట. టీ కూడా కలిపి ఇస్తుందేమో కనుక్కోండి అని నేను ఎగతాళి చేశాను గానీ, లోపల నా ప్రాణం అప్పుడే దాంట్లో ఎక్కి కూర్చుంది. యార్డులో ఆపరేటర్లం ఇద్దరమే, నేనూ, నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడైన బక్కోడూ. వచ్చేది ఒక్కటే బండి. మేనేజరు మా ఇద్దర్నీ పిలిచి, కింద మనిషి అవసరం లేకుండా దాన్ని ఎవరు నడపగలిగితే వాళ్ళకే ఇస్తానన్నాడు. అంత పెట్టి కొనేది అందుకేనట, ఒక మనిషి జీతం మిగలడానికి.

ఇక చూడండి నా అవస్థ. కింద మనిషి అక్కర్లేదంటే బావమరిది పని నా నోటితోనే ఊడగొట్టినట్టు. కావాలంటే బండి బక్కోడికి పోతుంది, నా మెడ పాత బండిలోనే తెగుతుంది. పోనీ కావాలనే అందామంటే, అంత పైనుంచి చూస్తూ కూడా నీకెందుకయ్యా కింద మనిషి అని ఎవడో ఒకడు అడుగుతాడు. అక్కణ్ణుంచి కన్ను దాకా తవ్వడానికి ఎంతసేపు? నాలుగు రోజులు తిండి సయించలేదు. ఇదంతా వాడికీ తెలుసు. నా దగ్గరకొచ్చి ఒక్కటే మాట అన్నాడు.

"నా గురించి చూడకు బావా. కానీ ఎక్కి చూశాక, నీకు నిజంగా తెలుస్తుంటేనే తెలుస్తోందని చెప్పు."

బండి వచ్చిన రోజు ఎండ దంచేస్తోంది. కంపెనీ మనిషి మీటలన్నీ చూపించి దిగిపోయాడు. నేను ఎక్కి కూర్చుని మీట నొక్కాను. క్యాబిన్ ఒక్కసారి వణికి, అద్దాల గది మొత్తం నెమ్మదిగా పైకి లేచింది. లారీ అంచు నా మోకాళ్ళ కంటే కిందకి వెళ్ళింది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి నా సీట్లోంచి లారీ అడుగు చూశాను. మెడ సాచలేదు, తలెత్తలేదు, కాస్త వంచానంతే. నొప్పి లేదు. కళ్ళ నీళ్ళు తిరిగాయి, దాచుకోవడం దేనికి. పంజా దించాను. దాని నీడ లారీ అడుగున నల్లగా పడింది. పంజా దిగేకొద్దీ నీడ దాని దగ్గరకి జరుగుతోంది, రెండూ కలిసేచోట ఆపాను. వెంట్రుకవాసి తేడా లేకుండా ఆగింది. ఇంకోసారి చేశాను, మళ్ళీ అంతే. నా కన్ను నయమైపోయిందన్నంత పొగరు వచ్చింది.

మేనేజరు కింద నిలబడి వాకీటాకీలో అడిగాడు, ఎలా ఉంది, కింద మనిషి కావాలా అని. ఆయన పక్కనే బావమరిది. కాస్త అవతల బక్కోడు, ఇద్దరు లారీ డ్రైవర్లు. అందరూ తలెత్తి నా వైపే చూస్తున్నారు.

"అంతా అరచేతిలో పెట్టినట్టు కనబడుతోంది సార్. కింద ఎవరూ అక్కర్లేదు."

వాకీటాకీలో నా గొంతు యార్డంతా వినబడింది. బావమరిది నన్ను ఒక క్షణం చూసి, మెట్ల బల్ల ఎత్తుకుని, మోసుకెళ్ళి షెడ్డు గోడకి ఆనించాడు. ఇక దాంతో పని లేదు కదా.

వాణ్ణి పూర్తిగా తీసెయ్యలేదు, టార్పాలిన్ వాళ్ళలో వేశారు. నిండిన లారీ ఎక్కి, తుక్కు మీద టార్పాలిన్ పరిచి, తాళ్ళు బిగించే పని. కోసుకుపోయే రేకుల మీద, కదిలే గొట్టాల మీద నడవాలి. నలభై రెండేళ్ళ మనిషికి చెయ్యదగ్గ పని కాదు. కొత్త బండితో పాటే కొత్త పద్ధతి కూడా వచ్చింది. క్యాబిన్ పైన ఉన్నంతసేపూ లారీలోకి ఎవరూ ఎక్కకూడదు. క్యాబిన్ అడుక్కి దిగిందంటే లోడు అయిపోయినట్టు, అప్పుడు టార్పాలిన్ వాళ్ళు ఎక్కాలి. పొరపాటున మళ్ళీ లేచిందంటే అందరూ దిగిపోవాలి, చివరి మనిషి దిగేదాకా ఆపరేటర్ పంజా ముట్టుకోకూడదు.

ఇంట్లో నా భార్య రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు నేనే మెడ పురాణం ఎత్తుకున్నాను, డాక్టరు ఏమన్నాడో, చేతులు పడిపోతే మన గతేంటో. ఆవిడ గిన్నె తోముతున్నదల్లా ఆపి, తమ్ముడు రెండేళ్ళు మీ కన్నుగా నిలబడ్డాడు, వాడి తరఫున ఒక్క ముక్క అనడానికి మీకు నోరు రాలేదా అంది. మెడ మెడ అంటారు, ఇంట్లో మీకొక్కరికే ఉందా మెడ, అని కూడా అంది. ఇంకో రోజైతే నవ్వేవాణ్ణి.

మూడు వారాలు రాజాలా గడిచాయి. చేతి తిమ్మిరి తగ్గింది. నాలుగో వారం మబ్బు పట్టింది. మొదటి లారీ ముందు క్యాబిన్ లేపి, పంజా దించబోయి, ఏదో తక్కువైందే అనుకున్నాను. నీడ లేదు. అప్పటిదాకా నేను చూస్తున్నది పంజాని కాదు, దాని నీడని. పాత బండిలో పక్కనుంచి చూసేవాణ్ణి కాబట్టి పంజా ఎత్తు ఎంతో కొంత తెలిసేది, మిగతాది వాడి చెయ్యి చెప్పేది. ఇప్పుడు నిట్టనిలువుగా పైనుంచి చూస్తున్నాను. పంజా, దాని కింద తుక్కు, రెండూ ఒకే కాగితం మీద బొమ్మలు గీసినట్టున్నాయి. మధ్యలో జానెడుందో నిలువెత్తుందో దేవుడికే తెలియాలి. నాలాంటి కన్నున్నవాడికి ఆ ఎత్తు అన్నిటికంటే చెడ్డ చోటు. దానికోసమే నేను వెంపర్లాడాను.

ఆ రోజు పంజా లారీ అడుగు రేకుని ధడాలున తాకింది. డ్రైవర్ దిగొచ్చి, కళ్ళు ఇంటి దగ్గర పెట్టొచ్చావా అని నానా మాటలూ అన్నాడు. కొత్త లీవర్లు ఇంకా చేతికి అలవాటు కాలేదని సర్దిచెప్పాను. మేనేజరు నమ్మాడు. సాయంత్రం బావమరిది మా ఇంటికొచ్చాడు. చేతుల నిండా రేకులు కోసిన గీతలు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బావా, ఎండ లేని రోజు నీకు లోతు తెలియట్లేదు. మేనేజర్ని ఒక్క మాట అడుగు, మబ్బు రోజుల్లో నన్ను కింద నిలబెట్టమని. వర్షానికి అద్దాలు మసకేస్తున్నాయని చెప్పు, ఏదో ఒకటి చెప్పు."

నాకు ఒళ్ళు మండింది. నిజం చెప్పినవాడి మీద మండినట్టు ఇంకెవరి మీదా మండదు నాకు. పైకెక్కి కూర్చున్నది నేనా నువ్వా అన్నాను. కొలబద్ద పని పోయిందని కడుపుమంటతో వచ్చావా అన్నాను. వాడి అక్క వంటింట్లోంచి వింటోందని తెలిసే అన్నాను. వాడి చెంపలు ఎర్రబడ్డాయి.

"కడుపుమంటే అయితే ఆఫీసుకి పోయి చెప్పేవాణ్ణి కదా బావా. నీ దగ్గరకి ఎందుకొస్తాను?"

అని వెళ్ళిపోయాడు. నిజమే కదా, వాడు ఆఫీసులో ఒక్క ముక్క చెబితే నా పని అయిపోయేది. చెప్పలేదు. అందుకు దణ్ణం పెట్టాల్సింది పోయి నేను ఇంకా రగిలిపోయాను. ఆ తర్వాత లారీల దగ్గర ఎప్పుడు చూసినా వాడి కళ్ళు నా పంజా మీదే. తాళ్ళు చుట్టుకుంటూ, బీడీ కాల్చుకుంటూ, పంజా దిగేటప్పుడు మాత్రం చూసేవాడు. వాడి కుడి చెయ్యి తెలియకుండానే నడుం దగ్గరకి, మోకాలి దగ్గరకి పోయేది. పదిహేడేళ్ళ అలవాటు. ఒకరోజు బక్కోడు అది చూసి, ఏంటన్నా, నీ కొలబద్ద ఇంకా నిన్నే కొలుస్తున్నాడా అని నలుగురిలో నవ్వాడు. నేనూ నవ్వాను. ఈ బండి నేనొక్కణ్ణే నడపగలనని, వాడి చెయ్యి లేకుండా నడపగలనని, ఎవరు చూసినా చూడకపోయినా వాడికి చూపించాలని పంతం పట్టాను.

మబ్బు రోజులు పెరిగాయి. నత్తనడకన పంజా దించేవాణ్ణి, తుక్కు కదిలిన చప్పుడు విని ఆపేవాణ్ణి. చెమటతో చొక్కా తడిసిపోయేది. క్యాబిన్‌లో చల్లటి గాలి వచ్చే మిషన్ ఉంది మళ్ళీ.

ఆ రోజు పొద్దుటి నుంచీ మబ్బే. పదకొండింటికి ఒక పొడుగు లారీ నింపి, క్యాబిన్ కిందకి దించాను. టార్పాలిన్ వాళ్ళు ముగ్గురూ ఎక్కారు. ఇంతలో మేనేజరు వాకీటాకీలో, ఆ లారీకి ఇంకో పంజా పడుతుంది, వేసి పంపించు అన్నాడు. హారన్ కొట్టి క్యాబిన్ లేపాను. ఇద్దరు దిగిపోయారు. మూడోవాడు వెనక మూల దగ్గర ఉండిపోయాడు. టార్పాలిన్ కొస ఏదో కడ్డీకి చిక్కుకుంటే వంగి విడదీస్తున్నాడు. వాడే, నా బావమరిది.

పద్ధతి ప్రకారం నేను ఆగాలి. లారీ పొడుగుంది కదా, ముందు సగంలో వేస్తే వాడికేమవుతుంది అనుకున్నాను. నిజానికి అలా అనుకోవడం కూడా అబద్ధమే. బక్కోడు అవతల తన బండి ఆపి చూస్తున్నాడు, వాడి ముందు బావమరిది దిగేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు నచ్చలేదు. పంజా నింపి, తిప్పి, లారీ మీదకి తెచ్చి దించడం మొదలుపెట్టాను.

వాడు తలెత్తాడు. ఎడమ చేత్తో టార్పాలిన్ పట్టుకునే, కుడి చెయ్యి మోకాలి దగ్గర పెట్టాడు. అంటే పంజా కింద ఇక మోకాలెత్తే ఉందని. నా కంటికి ఇంకా మనిషెత్తు ఉన్నట్టుంది. చూశావా, అందరి ముందూ నాకు కొలతలు చెబుతున్నాడు అనుకున్నాను. లీవర్ వదల్లేదు. వాడు చటుక్కున నిలబడి పిడికిలి బిగించి పైకెత్తాడు. ఒకటి, రెండు అని లెక్కపెట్టేంత సేపుంది. బండి ఆపడానికి నేను ఏమీ చెయ్యక్కర్లేదు, లీవర్ మీంచి చెయ్యి తీస్తే చాలు, అదే ఆగిపోతుంది.

పంజా నేననుకున్నదానికంటే ఎంతో ముందే తుక్కుకి తగిలింది. పైన బండి చెయ్యి ఇంకా దిగుతూనే ఉండటంతో అది ఒరిగి, గుట్ట మీంచి వెనక్కి దొర్లింది. వాడు జరగబోయాడు గానీ వెనక లారీ రేకుంది. ఐదు ఉక్కు వేళ్ళలో ఒకటి వాడి కుడి చేతిని ఆ రేకుకి నొక్కేసింది. వాడు అరవలేదు. కింద నుంచి మిగతా ఇద్దరూ అరిచారు. నేను పంజా లేపాను, క్యాబిన్ దించే మీట నొక్కి పట్టుకున్నాను. అది దాని తీరికలో అది దిగుతోంది, తలుపు అడుక్కొచ్చేదాకా తెరుచుకోదు. అద్దంలోంచి వాణ్ణి దించడం, చేతికి టార్పాలిన్ గుడ్డ చుట్టడం, మోసుకెళ్ళడం అంతా చూశాను. నేను నేల మీద కాలు పెట్టేసరికి జీపు గేటు దాటిపోయింది.

మధ్యాహ్నం ఆఫీసులో నన్ను కూర్చోబెట్టారు. వాళ్ళు అడక్కముందే ఎడమ కన్ను సంగతి నేనే చెప్పేశాను. దాచి ఇంక ఏం బావుకోవాలి? మేనేజరు తల పట్టుకుని, ఎందుకు దాచావయ్యా అని అరిచాడు. తర్వాత అరవలేదు. నీళ్ళు తెప్పించి ఇచ్చాడు. యార్డు డాక్టరు కంటిలోకి లైటు వేసి చూసి, ఈ చూపుతో మనిషి చెయ్యి కనబడకపోవడంలో ఆశ్చర్యం లేదన్నాడు. ఆపరేటర్‌కి చూపు లోపం ఉండటం వల్ల కింది వ్యక్తి చేసిన సైగ కనబడలేదు అని కాగితం మీద రాశారు. నేను సంతకం పెట్టాను. పెడుతున్నప్పుడు చెయ్యి వణకలేదు, అదే నాకు ఇప్పటికీ అసహ్యం. సీటు పోయింది, ఇంటికి పొమ్మన్నారు. గేటు దగ్గర బక్కోడు నా భుజం మీద చెయ్యేసి, పాపం అన్నా, ఇన్నాళ్ళు ఎలా లాక్కొచ్చావో అన్నాడు. యార్డంతా నా మీద జాలిపడింది.

మూడో రోజు ఆసుపత్రికి వెళ్ళాను. అప్పటిదాకా నా భార్య అక్కడే ఉంది, ఇంటికి రాలేదు. పెద్ద గది, పన్నెండు మంచాలు. కిటికీ పక్క మంచం మీద వాడు. కుడి చెయ్యి మణికట్టు దాకా కట్టు కట్టి, దిండు మీద పెట్టారు. బొటనవేలూ చూపుడువేలూ మిగిలాయట, మిగతా మూడూ తీసేశారట. నా భార్య స్టూలు మీద కూర్చుని ఉంది, నన్ను చూసి చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆఫీసువాళ్ళు ముందు రోజు వచ్చి తమ్ముడి దగ్గర కూడా అంతా రాసుకుపోయారని చెప్పింది.

మంచం పక్కకి వెళ్ళి నిలబడ్డాను. వాడే మొదలుపెట్టాడు. గొంతు పీలగా వచ్చింది.

"నీకు నా చెయ్యి కనబడలేదు కదా బావా. మబ్బు, దానికి తోడు ఆ కన్ను. ఎవరికైనా ఎలా కనబడుతుంది? నేను వాళ్ళకి అదే చెప్పాను. నువ్వు కుమిలిపోకు."

నా భార్య నా మొహంలోకి చూసింది. మూడు రోజులుగా ఆవిడ కూడా ఆ మాట పట్టుకునే బతుకుతోందని నాకు అర్థమైంది. నేను తలూపితే చాలు. నోరు విప్పక్కర్లేదు. నాకు తమ్ముడి లాంటివాడు మిగులుతాడు, ఇల్లు మిగులుతుంది, జనం జాలి ఎలాగూ ఉంది. మంచం అంచు పట్టుకున్నాను. పదిహేడేళ్ళలో వాడు నాకు ఒక్క తప్పు కొలత చెప్పలేదు. ఆఖరి రోజు కూడా మోకాలెత్తే ఉందని చెప్పాడు, ఉన్నది అంతే.

"కనబడింది," అన్నాను. "కుడి కంటితో బాగా కనబడింది. పిడికిలే. చూసి కూడా ఆపలేదు."

ఎందుకని అడుగుతాడనుకున్నాను. బూతులు తిడతాడనుకున్నాను, తిట్టమనే కోరుకున్నాను. వాడు నన్ను అలాగే చూస్తున్నాడు. పక్క మంచం మీద ముసలాయన దగ్గుతున్నాడు, నర్సు వచ్చి ఆయనకి నీళ్ళు పట్టించి వెళ్ళింది. ఆ తర్వాత వాడు మొహం అక్క వైపు తిప్పుకున్నాడు.

"అక్కా, ఈయన్ని ఇంటికి తీసుకెళ్ళు," అన్నాడు.

నా భార్య లేవలేదు. స్టూలు ఇంకాస్త మంచం దగ్గరకి జరుపుకుని, తమ్ముడి కట్టు కట్టిన చెయ్యి కింద దిండు సరిచేసింది. కాసేపు చూసి నేనొక్కణ్ణే బయటికొచ్చాను.